పేరూ నాదమూ

మా రామగిరి కొండల కింద బంగారం ఉన్నదని ఊళ్లో ప్రతి పిల్లవానికీ తెలుసు. పూర్వకాలపు తవ్వకాల గుర్తులు ఈ ప్రాంతంలో నేటికీ కనిపిస్తాయి. ఇరవయ్యో శతాబ్దంలో మొదట ఆంగ్లేయుల కంపెనీలు, అటు తరువాత ప్రభుత్వరంగ సంస్థ అయిన భారత్ గోల్డ్ మైన్స్ ఇక్కడ గనులు నడిపాయి. 2001లో ఆ సంస్థ మూతపడింది. బంగారం దొరికే రాయి బంగారు రంగులో ఉండదు. చూపులకు అది మామూలు తెల్లరాయి. దానిని పొడిచేసి పరీక్షించి, టన్ను రాతిలో ఎన్ని గ్రాముల బంగారం ఉన్నదో లెక్క తేల్చిన తరువాతనే తవ్వడమా, మానడమా అన్నది నిర్ణయిస్తారు.

పరీక్షించి విలువ కట్టడం మా ప్రాంతపు ప్రజలకు గనుల వల్ల మాత్రమే అబ్బిన విద్య కాదు. ధర్మవరం నేతగాడు పట్టుచీర జరీపోగును గోటితో గీకి, లోపలి దారం ఎర్రని పట్టుదో కాదో చూస్తాడు. అసలైన జరీలో పట్టుదారం మీద వెండితీగ చుట్టి, దానికి బంగారు పూత వేస్తారు. హిందూపురం మార్కెట్టులో వ్యాపారి చింతపండును చేతిలోకి తీసుకొని, రంగు, నార, గింజ చూసి అది కరిపులి అవునో కాదో ఒక్క క్షణంలో చెబుతాడు. రైతు వేరుశనగ కాయను చెవి దగ్గర ఆడిస్తాడు. లోపల గింజ గలగలలాడితే కాయ ఆరినట్లు. కొత్త కుండను కొనే ఇల్లాలు దానిని వేలితో తట్టి నాదం వింటుంది. కంటికి కనబడని పగులు చెవికి వినబడుతుంది.

ఇంతటి పరీక్షకులమైన మనమే అలవాటు లేని వస్తువు ఎదురైనప్పుడు ఒక్కసారిగా నిస్సహాయులమైపోతాము. అప్పుడు మనకు తోచే ప్రశ్న ఒక్కటే: "ఇది ఏ కంపెనీది?" ఈ ప్రశ్నను గురించి నేను తీవ్రంగా ఆలోచించవలసిన సందర్భం ఒకటి కలిగింది. అది బంగారం విషయంలోనో, చీర విషయంలోనో కాదు. ఒక చిన్న డ్రమ్ముల జత విషయంలో.

మా మండలంలోని ఒక పల్లెకు చెందిన ఐదుగురు యువకులు పెళ్లిళ్లలోను, జాతరలలోను డప్పులు, తాషాలు వాయించి జీవిస్తున్నారు. పాటకచేరీల వారు తమను పిలవాలంటే డ్రమ్ముల జత ఉండి తీరాలని వారికి అర్థమైంది. మా వైపు ఆర్కెస్ట్రాలలో కొందరు ఆ జతనే 'జాజ్' అని పిలుస్తారు. రెండు పెళ్లికాలాల సంపాదనలో మిగిల్చి, వారు 60,000 రూపాయలు కూడబెట్టారు. నేను చాలాకాలం మృదంగం అభ్యసించినవాడిని కావడం చేత నా వద్దకు వచ్చి అడిగారు: "ఏ కంపెనీది కొనాల సార్? పేరు చెప్పండి చాలు, మేము పోయి తెచ్చుకుంటాం."

ఒక పేరు చెప్పి పంపడం సులభమే. కాని ఆ డబ్బు పోతే తిరిగి కూడబెట్టడానికి వారికి మరో రెండు ఏండ్లు పడుతుంది. వర్షం వచ్చినా రాకున్నా అప్పు ఇచ్చినవాడు వస్తాడన్నది మా కరువు సీమలో అందరికీ తెలిసిన సత్యం. కావున ఒక్క పేరు చెప్పి నా బాధ్యత తీరిందనుకోవడానికి నాకు మనసు ఒప్పలేదు.

జాజ్ అనేది నిజానికి ఒక సంగీత సంప్రదాయం. ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో నల్లజాతి ప్రజల మధ్య అది రూపుదాల్చింది. ఊరేగింపులలో ఒకరు పెద్ద డ్రమ్మును, ఒకరు చిన్న డ్రమ్మును, మరొకరు తాళాలను వాయించేవారు. ఆ ముగ్గురి పనిని ఒక్కడే కూర్చుండి చేయగలగడానికి కాలితో తొక్కే పెడలు తోడ్పడింది. ఆ విధంగా డ్రమ్ముల జత ఏర్పడింది. చిన్న జాజ్ జతలో కాలితో వాయించే బాస్ డ్రమ్ము సాధారణంగా 18 అంగుళాల వ్యాసం కలది. మిగిలినవి 12, 14 అంగుళాలవి. వాటితోపాటు 14 అంగుళాల స్నేర్ డ్రమ్ము ఉంటుంది. రాక్ సంగీతపు జతలలో బాస్ డ్రమ్ము తరచుగా 22 అంగుళాలు ఉంటుంది. మా యువకులకు చిన్న జతే తగినదని నాకు తోచింది. అది ఆటోలో పడుతుంది. పల్లె వేదిక మీద ఇముడుతుంది. దాని నాదం పక్కనున్న డప్పును మింగివేయదు.

ఇక పేరు సంగతి. పేరు ప్రతిష్ఠలను తేలికగా కొట్టివేయడం న్యాయం కాదు. ఒక సంస్థ ఏండ్ల తరబడి మంచి వస్తువును చేస్తేనే దాని పేరు మీద జనానికి నమ్మకం కుదురుతుంది. 1883లో న్యూయార్క్ మహానగరంలోని బ్రూక్లిన్ ప్రాంతంలో ఒక జర్మన్ వలసదారుడు నెలకొల్పిన గ్రెట్ష్ సంస్థ అటువంటిది. మాక్స్ రోచ్, ఎల్విన్ జోన్స్, టోనీ విలియమ్స్ వంటి జాజ్ విద్వాంసులు ఆ డ్రమ్ములను వాయించారు. ఆ పేరు వెనుక వారి చేతుల సాక్ష్యం ఉన్నది. అయితే 1967లో ఆ సంస్థను వ్యవస్థాపకుని కుటుంబం మరొక సంస్థకు అమ్మివేసింది. 1980లలో అది తిరిగి ఆ కుటుంబం చేతికి వచ్చింది. చేతులు మారినా డ్రమ్ము మీది పేరు మారలేదు.

లుడ్విగ్ కథ ఇంకా చిత్రమైనది. విలియం లుడ్విగ్, ఆయన సోదరుడు కలిసి 1909లో షికాగోలో డ్రమ్ముల వ్యాపారం ప్రారంభించారు. వారు తయారుచేసిన కాలి పెడలు వారికి కీర్తి తెచ్చింది. కొంతకాలానికి వారి సంస్థ కాన్ అనే మరొక వాద్యాల సంస్థ వశమైంది. లుడ్విగ్ అందులో నుండి బయటికి వచ్చి 1937లో మళ్లీ సొంతంగా డ్రమ్ములు చేయసాగాడు. కాని తన ఇంటి పేరును తన డ్రమ్ముల మీద వేసుకునే హక్కు ఆయనకు లేకపోయింది! అది కాన్ సంస్థ సొత్తు. పొడి అక్షరాలతో డబ్ల్యు.ఎఫ్.ఎల్. అని వేసుకోవలసి వచ్చింది. 1955లో గాని ఆ పేరును ఆయన కుటుంబం తిరిగి కొనుక్కోలేకపోయింది. నడుమ ఉన్న ఆ కాలంలో లుడ్విగ్ అని వ్రాసి ఉన్న డ్రమ్ము లుడ్విగ్ చేసినది కాదు. లుడ్విగ్ చేసిన డ్రమ్ము మీద ఆ పేరు పూర్తిగా లేదు. పేరును మాత్రమే అడిగి కొన్నవాడు ఏ చేతి పనిని కొన్నట్లు?

ఆ కథకు మరొక ఘట్టం కూడా ఉన్నది. 1964 ఫిబ్రవరి 9న బీటిల్స్ బృందం అమెరికా టెలివిజన్ కార్యక్రమంలో వాయించింది. ఆ బృందపు డ్రమ్మరు రింగో స్టార్ ముందున్న డ్రమ్ము మీద లుడ్విగ్ అన్న పేరు కోట్లాది ప్రజల కంటబడింది. ఆ తరువాత ఆ డ్రమ్ములకు గిరాకీ విపరీతంగా పెరిగింది. ఆ రాత్రికి ముందు రోజు చేసిన డ్రమ్ము, మరునాడు చేసిన డ్రమ్ము ఒకే కార్ఖానాలోవి, ఒకే చెక్కవి. పెరిగినది పేరు వెలుగు మాత్రమే.

పైగా నేడు ఒకే సంస్థ ఒకే పేరుతో పలు తరగతుల సరుకు అమ్ముతుంది. అత్యుత్తమమైన జత ఒక దేశంలో మేపుల్ చెక్కతో తయారవుతుంది. చవుక జత వేరొక దేశంలో పాప్లర్ వంటి మెత్తని చెక్కతో తయారవుతుంది. రెండింటి ముఖం మీదా ఉండే ముద్ర ఒక్కటే. కావున పేరు మనకు ఇచ్చే సమాచారం చాలా తక్కువ. ఎదుట ఉన్న వస్తువును గూర్చి ఆ వస్తువునే అడగాలి.

ఎట్లా అడగాలి? మృదంగం కొనేటప్పుడు నా గురువు నేర్పిన పద్ధతి నాకు గుర్తున్నది. మంచి మృదంగానికి పనసకట్టె శ్రేష్ఠం. తమిళనాడులోని పణ్రుట్టి ప్రాంతపు కట్టెకు ప్రసిద్ధి ఉన్నది. కట్టెను ఎత్తి బరువు చూడాలి. లోపల చేయి పెట్టి పగుళ్లు తడవాలి. వలంతల మీద చుట్టూ తట్టి, అన్ని చోట్లా ఒకే శ్రుతి పలుకుతున్నదో లేదో వినాలి. డ్రమ్ముకు కూడా ఇవే ప్రశ్నలు వేయవచ్చునని కొంత చదివి, తెలిసిన వాద్యకారులను విచారించి నిర్ధారణ చేసుకున్నాను.

డ్రమ్ము గుండ్రని చెక్క భాగాన్ని షెల్ అంటారు. పలుచని చెక్క పొరలను వంచి, జిగురుతో అతికించి దానిని చేస్తారు. మేపుల్ చెక్క నాదం నిండుగా, మృదువుగా ఉంటుంది; బిర్చ్ చెక్క నాదం కొంచెం పదునుగా వినిపిస్తుంది. మూతను విప్పి లోపలివైపు చూస్తే పొరలు విడిపోయాయా, నడుమ ఖాళీలు ఉన్నాయా అన్నది తెలుస్తుంది. ఒక కొలత టేపుతో షెల్ వ్యాసాన్ని నాలుగైదు దిక్కుల కొలవాలి. కొలతలు ఒకటైతే గుండ్రదనం సరిగా ఉన్నట్లు. మూత షెల్ మీద వదులుగా కూర్చుండి, చేతితో తిప్పితే సులువుగా తిరగాలి.

అన్నిటికన్న ముఖ్యమైనది మూత ఆనుకునే అంచు. నాదమంతా ఆ సన్నని అంచు మీదనే ఆధారపడి ఉంటుంది. అది ఎగుడుదిగుడుగా ఉంటే ఎన్నిసార్లు మరలు బిగించినా శ్రుతి నిలవదు. దీనిని పరీక్షించే ఉపాయం మా జిల్లావారికి సులభంగా అర్థమవుతుంది. నునుపు చేసిన గ్రానైటు బండ మీద షెల్‌ను బోర్లించి, లోపల ఒక చిన్న దీపం ఉంచి, గదిలో వెలుతురు తగ్గించాలి. అంచు కింద నుండి ఎక్కడైనా వెలుతురు తొంగిచూస్తే అక్కడ అంచు పల్లమైనట్లు.

ఆ తరువాత బిగింపు మరలు. అవి వేళ్లతో తిప్పినా మెత్తగా తిరగాలి. వాటిని సమంగా బిగించి ప్రతి మర దగ్గరా మూతను మెల్లగా తట్టితే ఒకే స్వరం పలకాలి. చివరగా తాళాలు. చవుక జతలతో ఇచ్చే తాళాలు తరచుగా ఇత్తడి రేకువి. మంచి తాళాలు కంచువి; వాటిలో రాగి 80 పాళ్లు, తగరం 20 పాళ్లు ఉండడం ప్రసిద్ధమైన మిశ్రమం. మన గుడిగంటల కంచు కూడా దానికి దగ్గరి చుట్టమే. ఇత్తడిది ఖంగుమని మోగి ఆగిపోతుంది. కంచుది తెరలు తెరలుగా విప్పారి, మెల్లగా సన్నగిల్లుతుంది.

ఈ ప్రశ్నలన్నింటినీ ఒక కాగితం మీద వ్రాసుకొని మేము ధర్మవరంలో రైలెక్కి, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరు చేరుకున్నాము. మాతోపాటు ఆ యువకులలో ఒకని తాతను కూడా తీసుకువెళ్లాను. ఆయన ఉరుములు వాయించే కుటుంబానికి చెందినవాడు. మా అనంతపురం సీమకు ప్రత్యేకమైన కళ అది. ఉరుము రెండు ముఖాల వాద్యం. ఒక ముఖాన్ని వంకర పుల్లతో రాస్తుంటే మేఘం ఉరిమినట్లు గంభీరమైన ధ్వని పుడుతుంది. గ్రామదేవతల కొలువులో ఆ ధ్వని లేనిదే పూజ సాగదు. తోలును నానబెట్టడం, వెంట్రుకలు తీయడం, ఆరబెట్టడం, బిగించడం అన్నీ ఆయనకు చేతనైన పనులే.

అంగడిలో మా ఎదుట మూడు జతలు పెట్టారు. మొదటిదాని మీద ప్రపంచ ప్రసిద్ధమైన పేరున్నది. యువకుల కళ్లు దాని మీదనే నిలిచిపోయాయి. రెండవదాని పేరు మేమెవ్వరమూ విననిది. మూడవది మా శక్తికి మించిన వెల కలది. అంగడి యజమాని సహృదయుడు. మూతలు విప్పి చూస్తామంటే విసుగుకొనలేదు. పరీక్షకు తన మేజా మీది గ్రానైటు పలకను కూడా ఖాళీ చేసి ఇచ్చాడు.

తాత మొదట ప్లాస్టిక్ మూతను వేలితో నొక్కి, "ఇది ఏ జీవం తోలురా?" అని అడిగాడు. మనుమడు నవ్వి, "తోలు కాదు తాతా, ప్లాస్టిక్కు" అన్నాడు. పూర్వం డ్రమ్ములకు కూడా దూడతోలునే వాడేవారనీ, చెమ్మకు అది సడలిపోతుండడం వల్ల 1957 ప్రాంతంలో అమెరికాలో ప్లాస్టిక్ మూతలు అంగడికి వచ్చాయనీ నేను చెప్పాను. "అట్లయితే దీన్ని మంటకు కాచే పని లేదు" అని ఆయన తృప్తిగా తల ఊపాడు. తరువాత కళ్లు మూసుకొని, ఒక్కొక్క డ్రమ్మును చుట్టూ తట్టసాగాడు. ప్రసిద్ధమైన పేరున్న జతలోని 14 అంగుళాల డ్రమ్ము దగ్గర ఆయన చేయి ఆగింది. "ఈడ మాట సరిగ్గా రాలేదు. ఇది కడుపులో ఏదో దాచుకుంది" అన్నాడు.

మేము మరలను మళ్లీ సమంగా బిగించి చూశాము. ఆ ఒక్కచోట స్వరం కుదరలేదు. మూత విప్పి, షెల్‌ను పలక మీద బోర్లించి, లోపల సెల్‌ఫోను దీపం పెట్టాము. తాత వేలు పెట్టిన చోటనే అంచు కింద నుండి సన్నని వెలుగు గీత బయటికి వచ్చింది. యువకులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెండవ జత అంచులు నాలుగూ పలకను అంటుకుపోయి ఉన్నాయి. చెక్క పొరలు బిగువుగా ఉన్నాయి. అయితే దానిలోనూ లోపాలు లేకపోలేదు. పెడలు గొలుసు వదులుగా ఉన్నది. తాళాలు ఇత్తడి రేకువి.

అంగడి యజమానితో మాట్లాడి, తాళాలూ పెడలూ లేకుండా ఆ రెండవ జత డ్రమ్ములను మాత్రం బేరం చేశాము. మిగిలిన డబ్బుతో ఒక మంచి పెడలు, ఒక జత కంచు తాళాలు వేరుగా కొన్నాము. మొత్తం వారు తెచ్చిన 60,000 రూపాయలలోనే సరిపోయింది. మొదటి జత మీద ఉన్న ప్రసిద్ధమైన పేరు చెడ్డదని నేను వారికి చెప్పలేదు. అదే పేరున్న మరొక డ్రమ్ము నిర్దుష్టంగా ఉండవచ్చు. ఆ రోజు మా ఎదుట ఉన్నది మాత్రం నిర్దుష్టంగా లేదు. కొనేవానికి కావలసిన సత్యం అంతవరకే.

తిరుగు ప్రయాణంలో నన్ను మరొక ఆలోచన వెంటాడింది. ఉరుము మీద ఏ కంపెనీ ముద్రా ఉండదు. దానికి తోలు బిగించిన మనిషి పేరు ఎక్కడా వ్రాసి ఉండదు. హిందూపురానికి సమీపంలోని లేపాక్షి ఆలయ మంటపంలో పదహారవ శతాబ్దపు శిల్పులు మద్దెల వాయించే మూర్తులను స్తంభాల మీద అద్భుతంగా చెక్కారు. ఆ మూర్తులకు మనం చేతులు జోడిస్తాము. కాని నిజమైన మద్దెలకు తోలు సిద్ధం చేసిన చేతులను మన సమాజం గుడి వెలుపలనే నిలిపింది. వాద్యాన్ని పవిత్రమన్నాము, దానిని తయారుచేసిన వానిని ముట్టరానివాడన్నాము. పేరును చూసి విలువ కట్టే దురలవాటుకు ఇంతకన్న క్రూరమైన ఉదాహరణ వేరొకటి లేదు. అక్కడ కులం పేరు మనిషి మీద వేసిన ముద్ర అయింది. ఆ ముద్రను చూసినవారు అతని నైపుణ్యాన్ని తట్టి చూడలేదు.

బెంగళూరు అంగడిలో బడికి వెళ్లని ఆ వృద్ధుని వేలికొన కనుగొన్న లోపాన్ని మేము దీపం పెట్టి ధ్రువపరచుకోవలసి వచ్చింది. ఆయన చెవిలో ఉన్నది తరతరాల శాస్త్రం. దానికి పట్టా లేదు, పేటెంటు లేదు. అంగడి యజమాని ఆయనకు తన కుర్చీ జరిపి వేసి, టీ తెప్పించి, "మరొక రెండు డ్రమ్ములున్నాయి, వాటిని కూడా చూసి చెబుతారా?" అని అడిగినప్పుడు, మనుమని ముఖంలో కలిగిన వెలుగును నేను చూశాను. అంతవరకు తాత వృత్తిని గూర్చి పదిమందిలో చెప్పుకోవడానికి సంకోచించిన పిల్లవాడు అతడు.

విద్యార్థులైన మీరు రేపు ఎన్నో వస్తువులను కొంటారు. ఎన్నో కళాశాలలను, ఉద్యోగాలను, స్నేహాలను ఎన్నుకుంటారు. ప్రతిచోటా ఒక పేరు మీకన్న ముందే వచ్చి నిలబడి ఉంటుంది. దానిని విచారణకు ఆరంభంగా తీసుకోండి. ఈ పేరు ఎట్లా వచ్చింది, ఇప్పుడు దీని వెనుక ఎవరి చేతులున్నాయి, నా ఎదుట ఉన్న ఈ ఒక్కటి ఎట్లా ఉన్నది అని అడగండి. మీకు తెలియకపోతే తెలిసినవారిని వెంట తీసుకువెళ్లండి. తెలిసినవారు పెద్ద పట్నాలలోనే ఉంటారని అనుకోవద్దు. కుండను తట్టే మీ అమ్మమ్మ, వేరుశనగ కాయను ఆడించే మీ నాన్న, తోలును తడిమే ఆ తాత వంటివారు మీ ఊళ్లోనే ఉన్నారు. వారి దగ్గర కూర్చుండి వినడం నేర్చుకోండి.